గుండె, మూత్రపిండాల పాఠాలకు సాధన ప్రశ్నలు మీరే రాసుకోవడం ఎలా

ఇంటర్మీడియట్ బైపీసీ చదివేవారికైనా, జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్, డీఎంఎల్‌టీ విద్యార్థులకైనా, ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో చేరినవారికైనా శరీర నిర్మాణశాస్త్రం, శరీర ధర్మశాస్త్రం ఒకే చిక్కు తెచ్చిపెడతాయి. పేర్లు వందల్లో ఉంటాయి, వాటిని గుర్తుపెట్టుకునే సరికే సమయం అయిపోతుంది, తీరా పరీక్షలో ప్రశ్న కాస్త మెలిపెట్టి అడిగితే నేర్చుకున్న పేర్లు ఒకదానితో ఒకటి అతకవు. గైడ్లలో, ప్రశ్నబ్యాంకుల్లో దొరికే ప్రశ్నల్లో ఎక్కువ భాగం పాఠంలోని వాక్యాన్ని తిరగేసి చివర ప్రశ్నార్థకం తగిలించినవే కావడం ఇందుకు ఒక కారణం. అటువంటి ప్రశ్నకు జవాబు రాయాలంటే వాక్యం గుర్తుంటే చాలు, అవయవం అర్థం కానక్కరలేదు. అందుకే సొంత ప్రశ్నలు రాసుకోమని చెబుతున్నాను. మంచి ప్రశ్న రాయాలంటే ముందు పాఠంలో ఏది దేనికి ముడిపడి ఉందో వెతకాల్సి వస్తుంది. చదువులో సగం ఆ వెతుకులాటలోనే పూర్తవుతుంది.

గుండె, మూత్రపిండం ఈ రెండింటినీ ఉదాహరణగా తీసుకుని పద్ధతి చెబుతాను. మిగతా అవయవాలకు కూడా ఇదే వరస సరిపోతుంది.

సిద్ధం చేసుకోవలసినవి

మీ పాఠ్యపుస్తకం, కొన్ని తెల్ల కాగితాలు, ఒక రూళ్ల నోటుబుక్కు చాలు. నోటుబుక్కు పేజీని నిలువుగా మడిచి ఎడమ పక్క ప్రశ్న, కుడి పక్క జవాబు రాయండి. తర్వాత జవాబు వైపు మడత పెట్టి చూసుకోవచ్చు. పాఠంలో ఒక ఉపశీర్షిక కింద ఉన్న రెండు మూడు పేజీలు చదివి, పుస్తకం మూసి, ఆ తర్వాతే ప్రశ్నలు రాయాలి. పుస్తకం తెరిచి పెట్టుకుని రాస్తే మీకు తెలియకుండానే రచయిత వాక్యాలే ప్రశ్నలుగా దిగుతాయి.

మొదట "ఎక్కడ" అనే ప్రశ్న, మీ ఒంటి మీదే

స్థానానికి సంబంధించిన ప్రశ్నలను బొమ్మ మీద కాకుండా మీ శరీరం మీదే అడగండి. "గుండె కొన కొట్టుకోవడం ఎక్కడ తెలుస్తుంది?" అన్న ప్రశ్నకు "ఎడమవైపు ఐదో పక్కటెముకల సందులో" అని పుస్తకం చెబుతుంది. ఆ సందును మీరు ఎలా కనుక్కుంటారు? గొంతు కింది గుంట దగ్గర వేలు పెట్టి ఛాతీ మధ్య ఎముక మీదుగా కిందికి జార్చండి. సుమారు 5 సెంటీమీటర్ల దిగువన అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది. రెండో పక్కటెముక అతికేది అక్కడే. ఆ పక్కటెముక కింద ఉన్నది రెండో సందు. అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ ఐదో సందుకు దిగి, ఎడమ జత్రుక (మెడ కింది అడ్డ ఎముక) మధ్య నుంచి నిలువుగా గీసినట్టు ఊహించుకున్న గీతకు కాస్త లోపలి వైపు వేళ్లు ఆనించండి. కొట్టుకోవడం తెలియకపోతే ఎడమ పక్కకు ఒరగండి. బాగా తెలుస్తుంది గాని, స్థానం కొద్దిగా బయటికి జరుగుతుంది. ఇప్పుడు ప్రశ్న రాయండి: "రోగి ఎడమ పక్కకు తిరిగి పడుకున్నప్పుడు గుండె కొన స్థానాన్ని గుర్తించి గుండె పెద్దదైందని నిర్ణయించవచ్చా? ఎందుకు?" పుస్తకంలోని ఒక ముక్క వాక్యం ఇలా పడక పక్కన నిలబడి అడిగే ప్రశ్నగా మారుతుంది.

బొమ్మల విషయంలో కొత్తవారిని తరచుగా తికమకపెట్టే సంగతి ఒకటుంది. పుస్తకంలో గుండె బొమ్మ ఎదుటి మనిషి గుండెను చూస్తున్నట్టుగా ఉంటుంది కాబట్టి కాగితం మీద ఎడమవైపు కనిపించేది కుడి కర్ణిక (పై గది), కుడి జఠరిక (కింది గది). పేర్లు లేని బొమ్మ గీసి, ఏ గది ఏదో గుర్తించమని కనీసం ఒక ప్రశ్న తప్పకుండా రాసుకోండి.

తర్వాత "ఏ దారిన"

రక్తప్రసరణ పాఠానికి నేను అన్నిటికంటే విలువైనదిగా భావించే ప్రశ్న ఇది: "పాదంలోని సిరలో ఉన్న ఒక ఎర్ర రక్తకణం మళ్లీ పాదానికి చేరేలోపు దాటే ప్రతి నాళం, గది, కవాటం వరసగా రాయండి." తెల్ల కాగితం మీద ఏ సాయమూ లేకుండా రాయాలి. కాలి సిరలు, అధో మహాసిర, కుడి కర్ణిక, అగ్రత్రయ కవాటం, కుడి జఠరిక, పుపుస కవాటం, పుపుస ధమని, ఊపిరితిత్తుల కేశనాళికలు, పుపుస సిరలు, ఎడమ కర్ణిక, అగ్రద్వయ కవాటం, ఎడమ జఠరిక, బృహద్ధమని కవాటం, బృహద్ధమని, అక్కడి నుంచి కాలి ధమనులు. పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువ రక్తం, పుపుస సిరల్లో ఆక్సిజన్ ఎక్కువ రక్తం ఉంటాయన్నది ఈ వరస రాసేటప్పుడు దానంతట అదే బోధపడుతుంది. గుండె నుంచి బయటికి తీసుకుపోయేది ధమని, గుండెకు తెచ్చేది సిర. లోపలి రక్తం ఎటువంటిదన్నది ఆ పేరును నిర్ణయించదు.

ఈ ఒక్క దారి నుంచి ఎన్నో ప్రశ్నలు పుట్టించవచ్చు. కాలి లోతైన సిరలో ఏర్పడిన రక్తపు గడ్డ ఊడి బయలుదేరితే ఎక్కడ చిక్కుకుంటుంది? కాలి నుంచి గుండె దాకా సిరలు పోనుపోను వెడల్పవుతాయి, గుండె గదులు ఇంకా వెడల్పు, మొదటిసారి దారి ఇరుకయ్యేది పుపుస ధమని శాఖల్లోనే. కనుక గడ్డ ఊపిరితిత్తిలో ఆగుతుంది, మెదడుకు పోదు. ఇంతటితో వదలకుండా, "అదే గడ్డ మెదడుకు చేరిందంటే గుండెలో ఏ లోపం ఉండి ఉండాలి?" అని కొనసాగించండి. పిండదశలో రెండు కర్ణికల మధ్య ఉండే రంధ్రం పెద్దవారిలో సుమారు నలుగురిలో ఒకరికి పూర్తిగా మూసుకుపోదని తెలిసినవారే దీనికి జవాబు చెప్పగలరు.

నర్సింగ్ విద్యార్థులు మరో దారి కూడా గీయాలి. పేగుల నుంచి బయలుదేరిన రక్తం నేరుగా గుండెకు రాదు. నిర్వాహక సిర గుండా కాలేయానికి పోయి, అక్కడ రెండోసారి కేశనాళికల్లో పంచుకుని, ఆ తర్వాతే అధో మహాసిరలో కలుస్తుంది. ఛాతీనొప్పికి నైట్రోగ్లిజరిన్ బిళ్లను మింగకుండా నాలుక కింద ఎందుకు పెట్టుకోమంటారన్న ప్రశ్నకు జవాబు ఈ దారిలోనే ఉంది. మింగిన మందులో చాలా భాగాన్ని కాలేయం ముందే విచ్ఛిన్నం చేసేస్తుంది, నాలుక కింది సిరల్లోకి పోయిన మందు కాలేయాన్ని తప్పించుకుని గుండెకు చేరుతుంది.

"ఎందుకు" దగ్గర నిలవండి

ఈ మెట్టు మీద మిగతా వాటికంటే ఎక్కువ సమయం పెట్టండి. పాఠంలో కనిపించిన ప్రతి నిర్మాణ విశేషానికీ ఒక "ఎందుకు" తగిలించి చూడాలి.

ఎడమ జఠరిక గోడ కుడి జఠరిక గోడకంటే సుమారు మూడు రెట్లు మందం. ఎందుకు? ఎక్కువమంది రాసే జవాబు "ఎడమ జఠరిక శరీరమంతటికీ రక్తం పంపాలి కాబట్టి ఎక్కువ రక్తాన్ని పంపుతుంది" అని. మొదటి సగం ఒప్పే, రెండో సగం తప్పు. స్పందనకు రెండు జఠరికలూ పంపే రక్తం సగటున సమానం, విశ్రాంతిలో సుమారు 70 మిల్లీలీటర్లు. తేడా అంతా పీడనంలో ఉంది. ఎడమ జఠరిక సుమారు 120 మిల్లీమీటర్ల పాదరస పీడనం దాకా పెంచాలి, కుడి జఠరికకు 25 చాలు. ఈ సమానత్వం ఎంత అవసరమో లెక్కకట్టించే ప్రశ్నను పక్కనే రాయండి: "కుడి జఠరిక స్పందనకు 1 మిల్లీలీటరు మాత్రమే అదనంగా పంపుతోందనుకుందాం. నిమిషానికి 72 స్పందనల లెక్కన గంటలో ఊపిరితిత్తుల్లో ఎంత రక్తం నిలిచిపోతుంది?" 72ను 60తో గుణిస్తే 4,320 మిల్లీలీటర్లు, పెద్ద మనిషి ఒంట్లో ఉన్న మొత్తం రక్తమే సుమారు 5 లీటర్లు. ఎడమ జఠరిక నీరసించినప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం ఎందుకు వస్తుందో ఈ లెక్క వేసినవారికి మళ్లీ వివరించనక్కరలేదు.

ఇలాగే, గుండెను కొట్టించే విద్యుత్ సంకేతం ఎస్ఏ నోడ్ (కుడి కర్ణికలో ఆ సంకేతం పుట్టే చోటు) నుంచి బయలుదేరి ఏవీ నోడ్ (కర్ణికలకు, జఠరికలకు నడుమ ఉన్న కణుపు) దగ్గర సుమారు 0.1 సెకను ఎందుకు ఆగుతుంది? కర్ణికలు ఖాళీ అయ్యేదాకా జఠరికలు ముడుచుకోకుండా ఉండటానికి. ఆ తర్వాత సంకేతం హిస్ కట్ట వెంట ముందు గుండె కొనకు దిగి, పుర్కింజి తంతువుల ద్వారా పైకి ఎందుకు వ్యాపిస్తుంది? రక్తం బయటికి పోయే ద్వారాలు జఠరికల పై భాగంలో ఉన్నాయి కాబట్టి. "హృదయంలో నాలుగు కవాటాలూ ఒకేసారి మూసి ఉండే క్షణం ఉందా? నాలుగూ ఒకేసారి తెరిచి ఉండే క్షణం ఉందా?" అన్న ప్రశ్నను కూడా చేర్చుకోండి. మొదటిది ప్రతి స్పందనలో రెండుసార్లు వస్తుంది, జఠరికలు ముడుచుకోవడం మొదలై పీడనం ఇంకా చాలనప్పుడు ఒకసారి, సడలడం మొదలైనప్పుడు మరోసారి. రెండోది ఆరోగ్యంగా ఉన్న గుండెలో ఎప్పుడూ రాదు. ఎందుకు రాదో రెండు వాక్యాల్లో రాయగలిగితే హృదయ స్పందన వలయం మీకు వచ్చినట్టే.

అంకెలను ఒకదానితో ఒకటి ముడిపెట్టండి

శరీర ధర్మశాస్త్రంలో అంకెలతో ప్రశ్న అడగడం పదిహేడో శతాబ్దపు ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే కాలం నుంచీ ఉన్నదే. ఆహారం నుంచి కాలేయంలో రక్తం తయారై శరీరంలో ఖర్చయిపోతుందన్న ప్రాచీన వైద్యుడు గేలెన్ బోధనను యూరప్ శతాబ్దాల తరబడి నమ్మింది. గుండె ఒక్కో స్పందనకు ఎంత రక్తం పంపుతుందో తక్కువలో తక్కువగా అంచనా కట్టినా, అరగంటలో పంపే మొత్తం శరీరంలో ఉన్న రక్తాన్ని మించిపోతోందని, తిన్న తిండి నుంచి అంత తయారు కావడం అసాధ్యమని హార్వే చూపించాడు. అందువల్ల ఉన్న రక్తమే తిరిగి తిరిగి రావాలని 1628లో ప్రకటించాడు. ధమనులకు, సిరలకు మధ్య ఉన్న కేశనాళికలను ఆయన చూడలేదు. ఆయన 1657లో చనిపోయాక, 1661లో మాల్పిజీ కప్ప ఊపిరితిత్తుల్లో వాటిని సూక్ష్మదర్శిని కింద చూశాడు. కంటికి కనిపించని నాళాలు ఉండి తీరాలని ముందే చెప్పగలిగిన బలం ఒక గుణకారం నుంచి వచ్చింది.

కనుక "హృదయోత్పాదకత, అంటే గుండె నిమిషానికి పంపే రక్తం, ఎంత?" అని అడిగి ఊరుకోకండి. సడలిక చివర జఠరికలో 120 మిల్లీలీటర్లు, సంకోచం చివర 50 మిల్లీలీటర్లు ఉన్నాయి, నాడి నిమిషానికి 72. స్పందన పరిమాణం, నిమిష ఉత్పాదకత, బయటికి పోయిన రక్తపు శాతం కనుక్కోండి అని రాయండి. 70 మిల్లీలీటర్లు, 5,040 మిల్లీలీటర్లు, సుమారు 58 శాతం వస్తాయి. ఎకో రిపోర్టుల్లో "ఈఎఫ్" అని రాసేది ఆ చివరి అంకెనే. ఆపై రక్తస్రావమైన మనిషిని తీసుకోండి: స్పందన పరిమాణం 50కి పడిపోయింది, నాడి 100కి పెరిగింది. ఉత్పాదకత 5,000, అంటే దాదాపు మునుపటంతే. నాడి వేగం ఎందుకు పెరిగింది, రక్తపోటు ఇంకా పడిపోకముందే దాన్ని ఎందుకు గమనించాలి అన్నవి అక్కడే పుట్టే ప్రశ్నలు.

మూత్రపిండం అంకెల ప్రశ్నలకు గుండెకంటే అనువైన అవయవం. రెండు మూత్రపిండాల్లో కలిపి నిమిషానికి 125 మిల్లీలీటర్ల ద్రవం వడపోతకు గురవుతుంది. రోజుకు 1,440 నిమిషాలు కనుక 180 లీటర్లు. ఒంట్లో ప్లాస్మా సుమారు 3 లీటర్లే కాబట్టి ఆ ప్లాస్మా అంతా రోజుకు 60 సార్లు వడపోతకు గురవుతోందన్నమాట. బయటికి వచ్చే మూత్రం 1.5 లీటర్లు, అంటే 99 శాతానికి పైగా నెఫ్రాన్ (మూత్రపిండంలోని సూక్ష్మ వడపోత ప్రమాణం) నాళికలు వెనక్కి తీసుకుంటున్నాయి. ఇప్పుడు అడగవలసిన ప్రశ్న: "ఆ శాతం 98కి తగ్గితే రోజుకు ఎంత మూత్రం పోతుంది?" 3.6 లీటర్లు. ఒకటి రెండు శాతాల తేడాను దిద్దడానికి ఏడీహెచ్ అనే హార్మోను ఎందుకు కావాలో, అది లోపించినవారు రాత్రంతా ఎందుకు లేచి నీళ్లు తాగుతుంటారో ఈ అంకె చెబుతుంది.

డిగ్రీ స్థాయి వారు గ్లూకోజుతో మరింత కఠినమైన ప్రశ్న రాసుకోవచ్చు. రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రంలో కనబడుతుంది. అప్పుడు నిమిషానికి వడపోతకు వచ్చే గ్లూకోజు 225 మిల్లీగ్రాములు. పురుషుల్లో నాళికలన్నీ కలిసి నిమిషానికి సుమారు 375 మిల్లీగ్రాముల దాకా వెనక్కి తీసుకోగలవు. అంత సామర్థ్యం ఉండగా 225 దగ్గరే ఎందుకు కారిపోతోంది? నెఫ్రాన్లన్నిటి శక్తీ ఒకటి కాదు, తక్కువ సామర్థ్యం ఉన్నవి ముందే చేతులెత్తేస్తాయి.

శ్వాసవ్యవస్థకు ఒక్క లెక్క చాలు. నిమిషానికి 12 సార్లు 500 మిల్లీలీటర్ల చొప్పున పీల్చే మనిషినీ, 24 సార్లు 250 చొప్పున పీల్చే మనిషినీ పోల్చండి. ఇద్దరిదీ నిమిషానికి 6 లీటర్లే. ప్రతి శ్వాసలో 150 మిల్లీలీటర్లు వాయునాళాల్లోనే ఉండిపోతాయని తీసేస్తే మొదటివారి వాయుకోశాలకు 4,200 మిల్లీలీటర్లు, రెండోవారికి 2,400 మాత్రమే చేరుతాయి.

ఆపైన "చెడితే ఏమవుతుంది"

కవాటాల వ్యాధులను పట్టికగా బట్టీపట్టేవారిని చూస్తుంటాం. ఆ అవసరం లేదు. మొదటి గుండె శబ్దం కర్ణికా జఠరికా కవాటాలు మూసుకున్నప్పటిది, రెండోది అర్ధచంద్రాకార కవాటాలు (పుపుస, బృహద్ధమని కవాటాలు) మూసుకున్నప్పటిది. రెంటి నడుమ జఠరికలు ముడుచుకుని ఉంటాయి. ఇంత తెలిస్తే, "అగ్రద్వయ కవాటం సరిగా మూసుకోకపోతే మర్మర్ (రక్తం సుళ్లు తిరిగి చేసే అదనపు) శబ్దం ఎప్పుడు వినిపిస్తుంది? అదే కవాటం ఇరుకైతే ఎప్పుడు?" అన్నవాటికి ఆలోచించి జవాబు చెప్పవచ్చు. మూసి ఉండాల్సిన సమయంలో కారుతుంది కాబట్టి మొదటిది సంకోచంలో. తెరుచుకోవాల్సిన సమయంలో అడ్డుపడుతుంది కాబట్టి రెండోది సడలికలో. బృహద్ధమని కవాటానికి ఇదే ప్రశ్న వేస్తే జవాబులు తారుమారవుతాయి. మన దేశంలో అగ్రద్వయ కవాటం ఇరుకవడానికి ప్రధాన కారణం చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరమన్నది కూడా జవాబు పక్కన రాసుకోవాలి.

ఒక అవయవం చెడితే మరో అవయవంలో కనిపించే ఫలితాన్ని అడిగే ప్రశ్నలు ఇంకా మంచివి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి రక్తహీనత ఎందుకు వస్తుంది? ఎర్ర రక్తకణాల తయారీని ప్రేరేపించే ఎరిత్రోపోయిటిన్ అక్కడే తయారవుతుంది. ఎముకలు ఎందుకు బలహీనపడతాయి? విటమిన్ డి తన చివరి, చురుకైన రూపాన్ని పొందేది అక్కడే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ వ్యాధి గురించి తెలుగు విద్యార్థులందరూ వినే ఉంటారు; అక్కడ చాలామందికి షుగరు గాని, ముందునుంచీ బీపీ గాని లేకుండానే మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. ఆ సందర్భానికి తగిన ప్రశ్న ఇది: "మూత్రం రోజూ మామూలుగానే వస్తున్న మనిషికి రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు వడపోసి బయటికి పంపే వ్యర్థం) పెరిగింది. ఇది ఎలా సాధ్యం?" వడపోత నిమిషానికి 60 మిల్లీలీటర్లకు పడిపోయినా రోజుకు 86 లీటర్లకు పైగా వడపోత జరుగుతూనే ఉంటుంది, అందులోంచి లీటరున్నర మూత్రం రావడానికి ఏ ఇబ్బందీ లేదు. మూత్రం పరిమాణం చూసి వడపోత బాగుందని అనుకోరాదు, అందుకే రక్తపరీక్ష అవసరం. వార్డులో రోగి బంధువులకు ఈ సంగతి వివరించాల్సిన రోజు నర్సింగ్ విద్యార్థులకు తప్పకుండా వస్తుంది.

బహుళైచ్ఛిక ప్రశ్నలు రాసేటప్పుడు

నీట్ వంటి పరీక్షల కోసం రాసేవారు తప్పు ఐచ్ఛికాలను ఊరికే నింపకండి. ప్రతి తప్పు ఐచ్ఛికమూ నిజంగా ఎవరైనా పొరబడే చోటు నుంచి రావాలి. ఎడమ జఠరిక గోడ గురించి పైన చెప్పిన పొరపాటును ప్రతిపాదన, కారణం రూపంలో పెట్టవచ్చు. ప్రతిపాదన: ఎడమ జఠరిక గోడ కుడి జఠరిక గోడకంటే మందంగా ఉంటుంది. కారణం: ఎడమ జఠరిక స్పందనకు ఎక్కువ పరిమాణంలో రక్తాన్ని పంపుతుంది. ప్రతిపాదన సరైనది, కారణం తప్పు. "పైవన్నీ" అనే ఐచ్ఛికం రాయాలనిపించిందంటే మీకు నాలుగో మంచి పొరపాటు తట్టలేదని అర్థం, మూడింటితోనే ఆపేయండి. ఫోన్‌లో ఏదో యాప్ తయారుచేసి ఇచ్చిన ప్రశ్నలు వాడుకుంటే ప్రతి జవాబునూ పుస్తకంతో సరిచూడాలి, ముఖ్యంగా "అన్ని ధమనులూ ఆక్సిజన్ ఉన్న రక్తాన్నే తీసుకుపోతాయి" తరహా సర్వ సాధారణ వాక్యాలను.

ప్రాక్టికల్స్‌లో ఎముకల స్పాటర్లకు (చూసి గుర్తుపట్టమని పెట్టే నమూనాలకు) వేరే పద్ధతి అక్కర్లేదు. తొడ ఎముకను చేతిలోకి తీసుకుంటే గుండ్రని తల పైకి, లోపలి వైపుకు ఉండాలి. పొడవాటి గరుకు గీత వెనకకు ఉండాలి. ఈ రెండూ కుదిరేలా మీ తొడకు ఆనించి పట్టుకుంటే అది కుడిదో ఎడమదో తేలిపోతుంది.

దిద్దడం, మళ్లీ రాయడం

జవాబులు పుస్తకంతో సరిచూసుకునేటప్పుడు తప్పు పక్కన ఇంటూ గుర్తు పెట్టి వదిలేయకండి, అది ఏ రకం తప్పో ఒక అక్షరంతో గుర్తుపెట్టుకోండి. పేరు మరిచిపోతే "పే", వరస తప్పితే "వ", కారణం తప్పితే "కా". పేరు మరిచిపోయినదానికి రెండు మూడు సార్లు రాసుకోవడం సరిపోతుంది. వరస తప్పినదానికి తెల్ల కాగితం మీద దారి మళ్లీ గీయాలి. కారణం తప్పినదాన్ని ఎన్నిసార్లు రాసినా లాభం ఉండదు, పాఠంలో ఆ భాగాన్ని మళ్లీ చదివి అదే కారణాన్ని వేరే అవయవంలో అడిగే కొత్త ప్రశ్న తయారుచేయాలి.

తప్పిన ప్రశ్నలను మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజుల తర్వాత ఒకసారి, మరో వారానికి ఇంకోసారి రాయండి. మూడోసారికి వచ్చేటప్పుడు గుండె, మూత్రపిండం, ఊపిరితిత్తుల ప్రశ్నలను కలగలిపి రాయాలి, ఎందుకంటే ఏ పాఠంలోని ప్రశ్నో ముందే తెలిసిపోతే సగం జవాబు అందినట్టే. చదువుకునే స్నేహితులు ఉంటే ఒకరి నోటుబుక్కు ఒకరు మార్చుకోండి. మీరు రాసిన ప్రశ్న అవతలివారికి రెండు విధాలుగా అర్థమైతే వారితో వాదించకుండా ప్రశ్నను తిరగరాయండి.